ఏసీఎల్ ఆపరేషన్ 19వ రోజు: తొడ వెనక టప్పుమనింది, రాత్రికి పిక్కలో నొప్పి. ఏమై ఉంటుంది?

పెన్నాగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి 9:10

అడిగే ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగించుకోకుండా వివరాలు ముందే పెడుతుండా. పేషెంటు మా తమ్ముడు, వయసు 24, కుడి మోకాలు. ఏసీఎల్‌కి (మోకాలి లోపల రెండు ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు) హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్టు (తొడ వెనక కండ స్నాయువుతో చేసిన అతుకు) వేశారు, లోపలివైపు మినిస్కస్‌కి (కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థికి) కుట్లు కూడా పడ్డాయి. ఇవాళ్టికి 19 రోజులు. పొడుగు బ్రేస్, రెండు కర్రలు. వంపు 90 డిగ్రీలు దాటొద్దన్నారు. 12వ రోజు నుంచి మాత్రలు అక్కర్లేదు.

ఈ పొద్దున మంచం మీద కాలు చాపుకోని కూర్చోని, కింద పడిన ఫోను కోసం ముందుకు వంగాడు. తొడ వెనక టప్పుమనింది. అప్పుడు ఒక్కసారి చురుక్కుమని తగ్గింది. సాయంత్రానికి మోకాలి మడత దాకా పీకుడు, ఇప్పుడు పిక్కలో కూడా నొప్పి అంటుండాడు. జ్వరం లేదు. రివ్యూ వచ్చే శనివారం చెన్నైలో. గ్రాఫ్టు తెగిపోయిందా? ఇంట్లో పెద్దోళ్ళు నూనె కాచి మర్దన చేద్దామని కూర్చోనుండారు.

ఫిజియో_కావలి, రాత్రి 9:34

ముందు ఆ నూనె గిన్నె పక్కన పెట్టించండి. ఆపరేషనైన కాలి పిక్కలో కొత్తగా నొప్పి వస్తే, రక్తనాళంలో గడ్డ లేదని తేలేదాకా మర్దన వద్దు, వేడి కాపడం వద్దు, గట్టి గుడ్డకట్టూ వద్దు. గడ్డ ఉంటే పిసికినప్పుడు అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు.

మీరు రాసిన దాంట్లో రెండు నొప్పులున్నాయి. విడదీసి చూద్దాం.

పిక్క సంగతి ముందు. టైలరు టేపు తీసుకోండి. మోకాలి చిప్ప కింద, ముందు ఎముక మీద చేతికి తగిలే బొడిపె ఉంటుంది. అక్కడినుంచి కిందకి 10 సెం.మీ. కొలిచి పెన్నుతో గీత పెట్టండి. రెండు కాళ్ళకీ అదే ఎత్తులో చుట్టుకొలత తీయండి. తేడా 3 సెం.మీ. దాటితే లెక్కలోకి తీసుకోవాల్సిందే. తర్వాత ముందు ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు నొక్కి వదలండి, ఆ కాలికే గుంట పడుతుందా చూడండి. పిక్క మధ్యలో లోతుగా, రక్తనాళం వెంబడి నొక్కితే నొప్పి ఉందా, చర్మం రెండో కాలికంటే వేడిగా ఉందా చూడండి. పాదం పైకి లాగితే పిక్క నొప్పెడుతుందా అని చూసే పాత పద్ధతి ఒకటుంది. దాన్ని నమ్ముకోవద్దు, గడ్డ ఉన్నా తెలియకపోవచ్చు, లేకపోయినా నొప్పి రావచ్చు.

ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్ళు తిరగడం వీటిలో ఏ ఒక్కటి కనబడినా కొలతలు మానేసి 108కి ఫోన్ చేయండి.

ఇక తొడ వెనక టప్పు. మోకాలి లోపలివైపు నుంచి తొడ వెనక్కి పోయే రెండు స్నాయువులను తీసి మడిచి గ్రాఫ్టుగా వాడతారు. అవి ఉన్న చోటు ఖాళీ అయి రక్తంతో, తర్వాత మచ్చ కణజాలంతో నిండుతుంది. రెండో వారం నుంచి ఆరో వారం లోపు కాలు చాపి ముందుకు వంగినా, చెప్పు తొడుక్కోవడానికి మడమతో నేలను వెనక్కి లాగినా ఆ లేత మచ్చ పుటుక్కున విడిపోతుంది. దాని చప్పుడే అది. గ్రాఫ్టు ఉండేది తొడలో కాదు, కీలు లోపల రెండు ఎముకల సొరంగాల మధ్య. అది తెగాలంటే మెలిక పడటమో, జారడమో జరగాలి. తెగితే ఎక్కువగా కొన్ని గంటల్లోనే మోకాలే బుడగలా వాచుతుంది, కాలు పట్టు తప్పుతుంది. చిప్ప చుట్టూ కొత్త వాపు లేకపోతే గ్రాఫ్టు మీద అనుమానం తక్కువ.

రెండు మూడు రోజుల్లో మోకాలి వెనక, పిక్క మీద నల్లగా కమిలితే బెదిరిపోకండి. పైన కారిన రక్తం బరువుకి కిందికి దిగి అక్కడ కనబడుతుంది.

పెన్నాగట్టు, రాత్రి 10:02

కొలిచా. ఆపరేషన్ కాలు 36.5, రెండోది 35.2. గుంట పడలా. వేడి తేడా తెలియలా. పిక్క మధ్యలో నొక్కితే కొంచెం నొప్పి అంటుండాడు, ఎక్కువ నొప్పి మాత్రం మోకాలి మడతకి పైన లోపలివైపు. చిప్ప చుట్టూ నిన్నటి మాదిరే ఉంది. 1.3 తేడానే కదా, శనివారం దాకా ఆగొచ్చా?

ఆర్థో_వార్డు, రాత్రి 10:20

ఆగొద్దు. ఆ 3 సెం.మీ. అనేది డాక్టరు అనుమానాన్ని పెంచే లెక్కల్లో ఒకటి, అంతకంటే తక్కువుంటే గడ్డ లేదని చెప్పే గీత కాదు. ఇంకో తిరకాసు ఉంది. మూడు వారాలు సరిగ్గా నడవని కాలిలో పిక్క కండ కరిగి సన్నబడుతుంది. అంటే ఆ కాలు రెండోదానికంటే సన్నగా ఉండాల్సింది పోయి 1.3 లావుంది. 12 వారాల లోపు పెద్ద ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి ఆ ఒక్కటే అనుమానానికి చాలు.

ఇప్పుడే డిశ్చార్జి కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసి ఇక్కడ రాసినట్టే చెప్పండి. రేపు పొద్దున కాలి సిరలకు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కానింగ్) తీయించండి. దానికి చెన్నై పోనక్కర్లేదు, నెల్లూరులోనే అయిపోతుంది. పరగడుపున ఉండాల్సిన పని లేదు, అరగంట పని. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు రాసిస్తారు. ‘రక్తపరీక్షలో డీ-డైమర్ చూద్దాం’ అని ఎవరన్నా అంటే, ఆపరేషనైన కొత్తలో అది గడ్డ లేకపోయినా ఎక్కువే చూపిస్తుంది, దాంతో తేలదు.

డిశ్చార్జి కాగితంలో రక్తం పలచబడే మందు రాశారేమో చూడండి. ఆస్పిరిన్, రివరాక్సబాన్, అపిక్సబాన్, లేదంటే పొట్ట మీద వేసుకునే ఇనాక్సపారిన్ సూది. కోర్సు అయిపోయి ఉంటే మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టొద్దు. ఏది, ఎన్ని రోజులు వాడారో డాక్టరుకి చెబితే చాలు.

పొదిలి_మాస్టారు, సోమవారం ఉదయం 6:45

ఈ చర్చ చదివే మిగతావాళ్ళ కోసం ఇంకొకటి అడుగుతున్నాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నొప్పే లేదని నవ్వుతూ ఇంటికొచ్చిన పిల్లలు ఆ రాత్రికే కేకలు పెడతారు. ఆపరేషన్ సరిగా చేయలేదని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. అదెందుకు?

మాత్రలంగడి_ఒంగోలు, సోమవారం ఉదయం 8:05

మాస్టారూ, అది మత్తు దిగిన నొప్పండీ. తొడ దగ్గర నరానికి ఇచ్చే బ్లాకు సుమారు 12 నుంచి 24 గంటలు పనిచేస్తుంది. దిగేటప్పుడు మెల్లగా దిగదు, కుళాయి తిప్పినట్టు దిగుతుంది. అప్పుడు మాత్ర వేస్తే అది పనిలోకి దిగడానికి ముప్పావు గంటో గంటో పడుతుంది, ఈలోగా నొప్పి ముదిరిపోతుంది. కాలు జివ్వుమని తిమ్మిరి వదలడం మొదలవ్వగానే, నొప్పి లేకపోయినా, రాసిచ్చిన మొదటి మాత్ర వేసేయాలి. మొదటి 2, 3 రోజులు గడియారం చూసి వేయాలి. రాత్రి డోసుకి అలారం పెట్టుకోవాలి. నిద్రపోతున్నాడు కదా అని వదిలేస్తే తెల్లారుజామున 4 గంటలకి అందరూ లేస్తారు.

ఇక నా కౌంటరు దగ్గర రోజూ కనబడే పొరపాటు లెక్కతో చెప్తాను. డోలో 650 రోజుకి 4 అంటే పారాసిటమాల్ 2600 మి.గ్రా. దానికి తోడు ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ మాత్ర రోజుకి 2, ఒక్కోదాంట్లో 325, అంటే 650. నొప్పి ఆగలేదని ట్రమడాల్-పారాసిటమాల్ 3, అవీ 325 చొప్పున 975. మొత్తం 4225. పెద్దవాళ్ళకి రోజుకి 4000 మించకూడదు. మద్యం అలవాటున్నా, లివర్ జబ్బున్నా అంతకంటే చాలా తక్కువ. మూడు పేర్లు వేరు కాబట్టి మూడు మందులు అనుకుంటారు. పేరు కాదండీ, అట్ట వెనక చిన్నక్షరాలు చదవాలి.

రెండోది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్, ఐబుప్రోఫెన్ అన్నీ ఒకే గుంపు. వీటిలో ఒక్కటే వాడాలి. మాత్ర వేసుకుంటూ ఊళ్ళో డైక్లో ఇంజక్షన్ చేయించుకుంటే అది డబుల్ డోసే. కనిగిరి, పామూరు, పీసీపల్లి వైపు వాళ్ళకి ఇంకా గట్టిగా చెప్పాలి. అక్కడ ఫ్లోరైడు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న నేల. ఈ గుంపు మందులు నాలుగు రోజులు మించి వాడాలంటే ముందు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. బీపీకి టెల్మిసార్టానో లోసార్టానో, దాంతో పాటు నీరు పోయే మాత్ర వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు. ఎండాకాలంలో ఒంట్లో నీళ్ళు తక్కువుంటే దెబ్బ రెట్టింపు. పాంటోప్రజోల్ 40 రాస్తే టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక కాదు.

ట్రమడాల్ వేసుకున్నాక కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టుంటుంది. వేసుకున్న రెండు గంటలు ఒంటరిగా కర్రలతో బాత్రూముకి పోనివ్వకండి. మలబద్ధకం ఖాయం, మొదటి రోజు నుంచే రాత్రిపూట ఇసబ్గోల్ 2 చెంచాలు గ్లాసు నిండా నీళ్ళతో.

కూతపట్టు (కందుకూరు), సోమవారం ఉదయం 9:30

నాకు తెలిసి నొప్పికి భయపడితే కాలు వంగదు. ఫిజియో పట్టుకోని వంచాలి, పేషెంటు అరవాలి, అప్పుడే 120 వస్తది. ఇప్పుడు అందరూ మెత్తగా చెప్తున్నారు గానీ.

ఫిజియో_కావలి, సోమవారం ఉదయం 10:15

అన్నా, ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను. బలవంతంగా వంచితే కీలు లోపల మళ్ళీ వాస్తుంది. వాచిన మోకాలు తొడ ముందు కండకి వెళ్ళే ఆజ్ఞనే ఆపేస్తుంది, మెదడు చెప్పినా కండ బిగుసుకోదు. ఆ కండ లేకపోతే నడక కుంటుతుంది, కుంటితే చిప్ప కింద నొప్పి. ఒక్క రోజు 10 డిగ్రీలు సంపాదించి వారం పోగొట్టుకున్నట్టు. అందులోనూ ఈ కేసులో మినిస్కస్‌కి కుట్లున్నాయి. 90 దాటిస్తే కుట్ల మీద బరువు పడుతుంది.

నేను వాడే కొలబద్ద ఇది. వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాకా ఫర్వాలేదు. ఆపిన గంట లోపు తగ్గాలి. మర్నాడు పొద్దున లేవగానే చిప్ప మధ్య మీదుగా టేపు వేసి కొలవాలి. ముందురోజు పొద్దుటికంటే 1 సెం.మీ. పెరిగితే నిన్న చేసింది ఎక్కువైనట్టు, ఇవాళ సగానికి తగ్గించాలి. పెరగలేదా, అదే మోతాదు సాగించొచ్చు. నొప్పి అబద్ధం చెప్పొచ్చు గానీ టేపు చెప్పదు.

వంపు విషయంలో తొందర లేదు. మినిస్కస్ కుట్లు లేకపోతే రెండు వారాలకి 90, ఆరు వారాలకి 120 అటుఇటుగా వస్తే సరిపోతుంది. కాలు పూర్తిగా చాపగలగడం దగ్గర మాత్రం రాజీ లేదు. రెండు మూడు వారాల్లో అవతలి కాలితో సమానంగా చాచుకోవాలి. ఇక్కడే ఇళ్ళల్లో తప్పు జరుగుతుంది. వాచిన కీలు 30 డిగ్రీల వంపులో ఉన్నప్పుడు లోపల జాగా ఎక్కువ, అందుకే మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది. పది రోజులు ఆ హాయిలో ఉంటే కీలుని చుట్టి ఉండే పొర వెనకవైపు బిగుసుకుపోయి, తర్వాత చాపబోతే వెనక మడతలో పోటు. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలి కింద గాలి ఆడాలి. 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి 4, 5 సార్లు. ఎవరూ పైనుంచి నొక్కొద్దు, కాలి బరువే చాలు.

ఇంట్లో చూసుకునే పద్ధతి: మంచం మీద బోర్లా పడుకోని మోకాలి చిప్పలు మంచం అంచు దాటి బయటికి ఉండేలా జరగండి. వెనకనుంచి చూస్తే ఏ మడమ ఎత్తుగా ఉందో తెలుస్తుంది. మడమల ఎత్తులో 1 సెం.మీ. తేడా అంటే సుమారు 1 డిగ్రీ చాపు తక్కువ.

కూతపట్టు, సోమవారం ఉదయం 10:40

చాపు సంగతి సరే, వంపు దగ్గర మీ మాటే మీది నా మాటే నాది. ఇంకోటి చెప్పు. రెండు మూడు నెలలప్పుడు చాపబోతే ముందువైపు టక్కుమని అడ్డం పడతది, ఎంత చేసినా చివరి ఐదు డిగ్రీలు రావు. అదేంది?

ఆర్థో_వార్డు, సోమవారం ఉదయం 11:05

గ్రాఫ్టు ముందు చిన్న గోలీలాంటి మచ్చ ముద్ద పెరిగి తలుపు సందులో రాయిలా అడ్డుపడొచ్చు. సైక్లోప్స్ అంటారు. వ్యాయామం పెంచితే నొప్పి పెరుగుతుంది తప్ప అది కరగదు. ఎంఆర్ఐలో కనబడితే, చాపు రాకపోతే, కీహోల్‌లో తీసేస్తారు. మొదటి మూడు వారాల్లో చాపు సాధించనివాళ్ళకి ఇది వచ్చే ముప్పు ఎక్కువ.

పెన్నాగట్టు, సోమవారం మధ్యాహ్నం 2:20

డాప్లర్ అయింది. గడ్డ లేదు. చెన్నై డాక్టరుగారితో వీడియోలో మాట్లాడాం, హామ్‌స్ట్రింగ్ తీసిన చోటే అన్నారు. ఇంక ఈ పీకుడుకి ఏం చెయ్యాలి, వ్యాయామాలు మొత్తం ఆపాలా?

ఫిజియో_కావలి, సోమవారం మధ్యాహ్నం 3:00

మొత్తం ఆపితే ఇంకో తిప్పలు. తొడ వెనక కండ పనిచేసేవే ఆపండి, 7 నుంచి 10 రోజులు. బోర్లా పడుకోని మడమ పైకి లేపడం, కాలు చాపి ముందుకు వంగడం, కుర్చీలో కూర్చోని మడమతో నేలను వెనక్కి ఈడ్చడం ఇవన్నీ బంద్. మినిస్కస్ కుట్లున్నవాళ్ళకి వెనక కండతో గట్టిగా మడవడం ఎలాగూ ఆరు వారాల పైనే వద్దంటారు, ఎందుకంటే ఆ కండల్లో ఒకటి మినిస్కస్ వెనక అంచుని లాగుతుంది.

కాలు మడవడానికి పాదం కింద తువ్వాలు వేసి చేతులతో లాగాలి, కాలు ఊరికే రావాలి. తొడ ముందు కండ బిగించడం 10 సెకన్లు, 10 సార్లు, రోజుకి ఆరు విడతలు మామూలే. బ్రేస్‌తో కాలు తిన్నగా పైకెత్తేది మామూలే, ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం కూడా కుంగకూడదు. కుంగితే కండ ఇంకా నిద్రలోనే ఉందన్నట్టు, బిగించడమే ఎక్కువ చేయండి. చీలమండ పైకీ కిందికీ గంటకి 20 సార్లు.

కింద పడినవి ఇంకొకరు తీసివ్వాలి. చెప్పు వెనక పట్టీ లేనిది వాడాలి.

పొదిలి_మాస్టారు, సోమవారం సాయంత్రం 6:10

ఐసు ఎంతసేపు? మా ఊళ్ళో కరెంటు పోతే ఫ్రిజ్‌లో జెల్ ప్యాకులు నీళ్ళైపోతాయి.

ఆర్థో_వార్డు, సోమవారం సాయంత్రం 6:40

15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో రెండు గంటలు విరామం. పల్చని నూలు తువ్వాలు తడిపి పిండి, దాని మీద ఐసు. నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి దిమ్మ దొరకడం కష్టం కాదు. థర్మకోల్ డబ్బాలో ఊక పోసి పెడితే రోజు గడుస్తుంది. పగలగొట్టి రెండు కవర్లలో వేసి మూతి కట్టండి, గాయం మీదికి ఆ నీళ్ళు కారకూడదు. ఉప్పు కలిసిన ఐసు మాత్రం వద్దు. ఉప్పు కలిస్తే అది సున్నా కంటే కిందికి పోతుంది. ఈ ఆపరేషనైన వాళ్ళకి గాయం పక్కన, మోకాలి కింద బయటివైపు అరచేయంత మేర మొద్దుబారి ఉంటుంది, చర్మానికి వెళ్ళే చిన్న నరం కోతలో దెబ్బతినడం వల్ల. అక్కడ చలి కాలుతున్నా తెలియదు, బొబ్బలు లేచాకే తెలుస్తుంది. ఐదు నిమిషాలకోసారి ఎత్తి రంగు చూడండి.

పొదిలి_మాస్టారు, సోమవారం సాయంత్రం 7:00

ఆ మొద్దుబారిన చోటే ఒక్కోసారి మంట పుడుతుందంటారే?

ఫిజియో_కావలి, సోమవారం రాత్రి 8:30

మంచి ప్రశ్న మాస్టారూ. పేషెంటు ‘నొప్పి’ అని ఒక్క మాట అంటే నాకేమీ తేలదు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో అన్నీ వాడమంటాను.

మంట, చీమలు పాకినట్టు, బట్ట తగిలితే జిల్లుమనడం ఇవి చర్మపు నరం కోలుకుంటున్న గుర్తు. గాయం పూర్తిగా మానాక దూది, తర్వాత మెత్తటి బట్ట, తర్వాత తువ్వాలు, ఇలా రోజుకి రెండు మూడు సార్లు రెండేసి నిమిషాలు రాయాలి. మొద్దు మచ్చ కొన్ని నెలల్లో చిన్నదవుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. అదే మంట పాదం దాకా పాకి, కాలి రంగు మారి, చెమట పట్టి, దుప్పటి కూడా ఓర్చుకోలేకపోతే అది వేరే జబ్బు, వారంలోపు డాక్టరుకి చూపించాలి.

కాలు కిందకి దించగానే మోకాలి కింద బరువుగా, పగిలిపోయేట్టు సలపరం: మొదటి పది రోజుల్లో చాలామందికి ఉంటుంది. రక్తం ఒక్కసారిగా దిగుతుంది, తిరిగి పైకి తోసే పిక్క కండ ఇంకా పనిలో లేదు. లేచే ముందు పడుకునే చీలమండ 30 సార్లు ఆడించి, మంచం అంచున అర నిమిషం కాలు వేలాడదీసి, అప్పుడు నిలబడితే సగం తగ్గుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకోవాలి. సర్దుకోక పిక్కలోనే నిలిచిపోతే పైన చెప్పిన డాప్లర్ దారి.

చిప్ప కింద పోటు, మెట్లు దిగేటప్పుడు: ఇది మూడు నాలుగు నెలలప్పుడు, స్క్వాట్లు మొదలుపెట్టాక. గ్రాఫ్టు చిప్ప కింది స్నాయువు నుంచి తీసినవాళ్ళకి ఇంకా ఎక్కువ, వాళ్ళకి మోకరిల్లితే కూడా గుచ్చుకుంటుంది. మెట్టు ఎత్తు తగ్గించాలి, 10 సెం.మీ. పలకతో మొదలుపెట్టాలి. గోడకి ఆనుకోని 60 డిగ్రీల వంపులో 30 నుంచి 45 సెకన్లు, 5 సార్లు నిలబడితే కదలిక లేకుండా కండకి పని దొరుకుతుంది.

ఇక రాత్రీ పగలూ తేడా లేకుండా లోపలినుంచి కుట్టే పోటు, తగ్గుతూ వచ్చి మళ్ళీ రోజురోజుకీ పెరిగితే, దాంతోపాటు 101 దాటిన జ్వరమో, చలో, గాయం నుంచి చీమో కనబడితే ఇన్ఫెక్షన్ అని తేలేదాకా ఆగొద్దు, కాదని తేలేదాకా అది ఇన్ఫెక్షనే. వారం నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువగా బయటపడుతుంది.

మాత్రలంగడి_ఒంగోలు, సోమవారం రాత్రి 8:55

ఆ చివరిదానికి ఒక తోక. అప్పుడు ఊళ్ళో యాంటీబయోటిక్ కొని వేసుకోని పోవద్దు. ముందు కీల్లోంచి నీరు తీసి కల్చర్‌కి పంపాలి. మాత్రలు పడ్డాక తీస్తే ఏ క్రిమో పట్టుబడక, డాక్టరు గుడ్డిగా మందులు మార్చాల్సి వస్తుంది. నేనే అమ్మనని చెప్తాను, తిట్టుకోని పక్క షాపుకి పోతారు.

కూతపట్టు, మంగళవారం ఉదయం 7:15

ఇందాకటి వంచుడు సంగతి పక్కన పెడితే, మా కబడ్డీ పిల్లలకి నేను చెప్పేది నొప్పి గురించి కాదు, నొప్పి పోవడం గురించి. ఆరో వారానికి వాపు దిగుద్ది, నడక బాగుంటది, మూడో నెలకి ఉరకాలనిపిస్తది. ఆపరేషన్‌లో వేసిన గ్రాఫ్టు ఆ రోజు ఎంత గట్టిగా ఉంటదో, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అంతకంటే బలహీనపడతది. పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు పాకి, మళ్ళీ లిగమెంటులా అల్లుకునే కాలం అది. లోపల అట్టా ఉన్నప్పుడు పైన నొప్పే ఉండదు. మట్టి కోర్టులో గబుక్కున పక్కకి తిరిగే ఒక్క కట్ చాలు, తెగడానికి. తొమ్మిది నెలల లోపు కోర్టులోకి రానియ్యను. తొమ్మిది నిండినా, ఒంటికాలి గెంతు రెండు కాళ్ళకీ కొలిచి ఆపరేషన్ కాలు అవతలిదాంట్లో 90 శాతం అందుకోవాలి, తొడ కండ బలం కూడా అంతే. క్యాలెండరు ఒక్కటే చూసి పంపితే మళ్ళీ అదే టేబులెక్కుతారు.

ఫిజియో_కావలి, మంగళవారం ఉదయం 8:00

దీనికి మాత్రం మీకో దండం అన్నా.

పెన్నాగట్టు, బుధవారం సాయంత్రం 5:50

మీరు చెప్పినట్టే పిక్క మీద కమిలింది, నీలం పసుపు కలిసి. నొప్పి సగానికి తగ్గింది. శనివారం చెన్నై కార్లో పోతుండాం, మూడు గంటల పైన ప్రయాణం. ఇంకోటి, బ్రేస్ బిగించినప్పుడు మోకాలికి బయటివైపు కింద ఎముక మీద ఒత్తుతుండాది, పాదం పైన తిమ్మిరి. వదులు చేస్తే బ్రేస్ జారిపోతుండాది.

ఆర్థో_వార్డు, బుధవారం సాయంత్రం 6:15

తిమ్మిరి సంగతి ఇప్పుడే చూడండి, ప్రయాణం సంగతి ఆ తర్వాత. మోకాలి బయటివైపు కింద గుండ్రంగా తగిలే ఎముక మెడ చుట్టూ, చర్మం కిందే, పాదాన్ని పైకెత్తే నరం తిరుగుతుంది. పట్టీ దాన్ని నొక్కితే పాదం పైన తిమ్మిరి, ఇంకా నొక్కితే పాదం పైకి లేవదు. ఇప్పుడే బ్రేస్ విప్పి బొటనవేలు, పాదం ముఖం వైపు లాగమనండి. రెండో కాలంత బలంగా వస్తే పట్టీ మారిస్తే సరిపోతుంది. బలం తగ్గితే ఈ రాత్రే డాక్టరుకి ఫోన్.

జారడానికి కారణం బిగింపు తక్కువవడం కాదు, కీలు బందు చోటు తప్పడం. బ్రేస్ పక్కన గుండ్రటి బందు సరిగ్గా చిప్ప మధ్యకి ఎదురుగా ఉండాలి. కాలు చాపి పడుకోబెట్టి, బందు అక్కడ పెట్టి, ముందు మోకాలికి వెంటనే కింద ఉన్న పట్టీ, తర్వాత వెంటనే పైన ఉన్నది, ఆ తర్వాత చివరివి బిగించండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. మూడు వారాలకి తొడ సన్నబడి ఉంటుంది, పాత గుర్తుల దగ్గరే బిగిస్తే జారుతుంది. లోపల నూలు గొట్టం గుడ్డ తొడిగితే జారదు, చెమటకి పొక్కదు. ఆ బయటి ఎముక దగ్గర పట్టీ కింద దూది బిళ్ళ పెట్టొద్దు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎముకకి పైనా కిందా ఒక్కోటి పెట్టి మధ్యలో ఖాళీ వదలండి.

కార్లో వెనక సీటు మొత్తం ఇచ్చేయండి. వీపు ఎడమ తలుపుకి ఆనించి, కుడి కాలు సీటు మీద చాపి, మడమ కింద దిండు, నడుముకి సీటుబెల్టు. తలుపు లాక్ వేయండి. నాయుడుపేట దగ్గర ఒకసారి, తడ దాటాక ఒకసారి ఆపి కర్రలతో ఐదు నిమిషాలు నిలబెట్టండి. దారి పొడుగునా చీలమండ ఆడిస్తూనే ఉండాలి. బాత్రూముకి దిగాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, మాననివ్వకండి. డాప్లర్ కాగితం, కమిలినచోటు ఫోటోలు, పొద్దుటి టేపు కొలతల చీటీ ఫైల్లో పైన పెట్టండి.

పెన్నాగట్టు, బుధవారం రాత్రి 7:05

పాదం రెండూ సమానంగా లేస్తుండాయి. బందు చిప్పకి రెండు వేళ్ళు కిందకి దిగుండింది. సరిచేశాక తిమ్మిరి పోయింది.